కుక్క పడుకున్న జాయింటు

నాకు కోపం వస్తే ముందు నోరు బయలుదేరుతుంది. బుద్ధి చెప్పులు వెతుక్కుని, తలుపు దగ్గరికి వేసి, తీరిగ్గా వెనకాల వస్తుంది. మా ఆదిలక్ష్మి ఈ సంగతి పెళ్లయిన నెలకే కనిపెట్టింది గాని ముప్పై నాలుగేళ్లుగా మార్చలేకపోయింది. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదానిలో తప్పెవరిదని మీరు వెతకనక్కరలేదు, నాదే. అది నాదని నాకెలా తెలిసిందో అదే చెబుతున్నాను.

నా పేరు గంగాధరప్ప. గుత్తికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో మూడెకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. రెండు వందల పది చెట్లు. వాటికి పేర్లు పెట్టలేదు గాని, ఏ చెట్టు ఏ ఏడు ఎన్ని కాయలు కాసిందో అడిగితే నిద్రలో లేపినా చెప్పగలను. మా నేలలో నీళ్లు దొరకడమంటే ఆరు వందల అడుగుల లోతున ఎక్కడో రాతి సందున దాక్కున్న దాన్ని బతిమాలి పైకి తెచ్చుకోవడమే. ఆ బతిమాలే పని చేసేది బోరులో దించిన మోటరు.

ఏప్రిల్ రెండో వారంలో, కాయ నిమ్మకాయంత అయినప్పుడు, ఆ మోటరు కాలిపోయింది. ఫిబ్రవరిలో ఒకసారి కాలింది. మార్చిలో ఒకసారి కాలింది. ఇది మూడోసారి. ఆ ఎండల్లో వారం రోజులు నీళ్లు తప్పితే చెట్టు తనను తాను కాపాడుకోవడానికి కాయల్ని రాల్చేస్తుంది. చెట్టు తప్పేమీ లేదు, నేనైనా అదే చేస్తాను.

మోటరు పైకి తీయించి ఆటోలో వేసుకుని గుత్తి బస్టాండు దగ్గరున్న ఖాజా పీర్ షాపుకు పోయాను. కాలిన మోటరులోంచి పాత రాగి తీగను పెరికేసి కొత్త తీగ చుట్టడం అతని పని. వైండింగు అంటారు. ఇరవై రెండేళ్లుగా నా మోటర్లన్నీ అతనే చుట్టాడు. చుట్టిన ప్రతి మోటరు మీదా ఎర్ర రంగుతో ‘ఖా.పీ.’ అని రాసి కింద తేదీ వేస్తాడు. మా చుట్టుపక్కల ఊళ్లలో మోటరు మీద ఆ రెండక్షరాలుంటే రెండేళ్లు దాని ఊసెత్తనక్కరలేదని పేరు.

పొద్దున పది గంటలు. షాపు ముందు బల్లమీద ఏడెనిమిది మంది రైతులు టీ తాగుతూ తమ వంతు కోసం కూర్చున్నారు. మా ఊరి ఎర్రన్న కూడా ఒళ్లో స్టార్టరు పెట్టుకుని అందులో ఉన్నాడు. అంటే నేను ఏమన్నా సాయంత్రానికి ఊరంతా తెలుస్తుందన్నమాట. బుద్ధి వెంట ఉండి ఉంటే ఎర్రన్నను చూసైనా ఆగేవాణ్ని.

"ఏమప్పా ఖాజా, నా మోటర్లో ఎంత రాగి మిగిల్చుకొంటివి?" అన్నాను.

ఖాజా టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏమంటాండావు గంగాధరా?"

"లావు తీగ చుట్టాల్సిన చోట సన్న తీగ చుట్టినావంటాండా. మూడు నెలల్లో మూడుసార్లు కాల్తాదా యాడన్నా? ఇరవై రెండేండ్లు నమ్మినందుకు బాగా చేసినావు. ఇంక ఈ రెండక్షరాలు నా మోటరు మీద రాయొద్దు!"

వైండింగు చేసేవాణ్ని ఇంతకంటే పెద్ద తిట్టు తిట్టలేరు. సన్న తీగ చుడితే రాగి తక్కువ పడుతుంది, మూత వేశాక పైకి తేడా తెలియదు, నాలుగు నాళ్లకు కాలుతుంది. దొంగతనానికి దొంగతనం, మళ్లీ చేయించుకోవడానికి వాళ్ల దగ్గరికే రావాలి. బల్లమీద టీ తాగడం ఆగిపోయింది. ఎర్రన్న నోరు కొంచెం తెరుచుకుంది.

ఖాజా ఒక్క క్షణం కూతురి వైపు చూశాడు. ఆ అమ్మాయి ఇర్ఫానా. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివి, ఏడెనిమిదేళ్లుగా నాన్నతోపాటు షాపులోనే ఉంటోంది. మీటర్లు పట్టుకుని పరీక్షలు చేసేది, బిల్లులు రాసేది కూతురు, తీగ చుట్టేది నాన్న అని మేమందరం అనుకునేవాళ్లం. కూతురి ముందు పరువు పోయిందని చూశాడనుకున్నాను నేను.

"చుట్టింది నేనేనప్పా. తప్పుంటే నాదే. మోటరు దింపిపో, మళ్లా చుట్టిస్తా," అన్నాడు ఖాజా. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది.

ఇర్ఫానా లేచి వచ్చింది. "చిన్నాయనా, మోటరు ఎల్లుండికి రెడీ చేస్తాం. కాని బోర్లోకి దించేముందు నేనొచ్చి మీ తోట చూడల్ల."

"చూడను ఏముండాదమ్మా? బోరుండాది, కేబులుండాది, స్టార్టరుండాది. అవేం కాల్లేదు. కాలింది మీ మోటరే."

"కాలింది మోటరే. కాల్చింది ఏదో చూస్తా."

"వద్దులేమ్మా," అన్నాడు ఖాజా.

"నేను పోతా నాయనా," అంది ఆ పిల్ల.

ఇంటికి వచ్చి జరిగింది చెబితే ఆదిలక్ష్మి చేట కింద పెట్టి నా మొహం చూసింది. "మన కొడుకు సుమంత్ పెండ్లికి మూడు దినాలు షాపు మూసి వచ్చి లైట్లన్నీ కట్టిచ్చినాడే, ఆ యప్పనా నువ్వు దొంగ అనింది?" అంది. "ఆ మాటకూ ఈ మాటకూ ఏం సంబంధం?" అన్నాను. సంబంధం ఉందని నాకూ తెలుసు. ఆ రాత్రి అన్నం బాగాలేదని కూడా ఒక మాట అన్నాను. అది మాత్రం నిజంగా అన్నం తప్పు కాదు.

తోట చూడటానికి ఇర్ఫానా వచ్చేలోపల మా బోర్ల సంగతి చెప్పాలి. నాకు నాలుగు బోర్లు. మొదటిది రోడ్డు పక్కన, స్టార్టరు గది దగ్గరే ఉండేది. అది ఎండింది. కొంచెం లోపలికి పోయి రెండోది వేశాను. ఎండింది. ఇంకొంచెం పోయి మూడోది. అదీ ఎండింది. అంతకు ముందు కార్తీకంలో తోటకు అవతలి మూల నాలుగోది వేస్తే రెండించుల నీళ్లు పడ్డాయి. కరెంటు మాత్రం రోడ్డు పక్కనే ఉంది. స్టార్టరు గది నుంచి కొత్త బోరు దాకా పన్నెండు వందల అడుగులు.

ఆ పన్నెండు వందల అడుగులకూ నేను కొత్త కేబులు కొనలేదు. మా వైపు ఎవరూ కొనరు. బోరు ఎండితే దానిలోంచి తీసిన కేబులును చుట్ట చుట్టి అటకమీద పెడతాం. చచ్చిన బోరు ఇచ్చిన ఆస్తి అది. మొదటి బోరు ముక్క, రెండో బోరు ముక్క, మూడో బోరు ముక్క, మధ్యలో చాలక ఎప్పుడో ఇంటి వైరింగుకు తెచ్చి మిగిలిపోయిన తీగ, అన్నీ కలిపి ముడేశాను. కంచె రాళ్ల వెంబడి కట్టుకుంటూ పోయాను. జాయింట్లన్నీ నా పంటితో తొక్క ఒలిచి, నా చేత్తో మెలిపెట్టి, సైకిలు ట్యూబు చుట్టి, పైన యూరియా సంచి కట్టినవే. ఆర్నెల్లలో ఒక్క జాయింటు ఊడలేదని నేను గొప్పగా చెప్పుకునేవాణ్ని.

ఇంకొక గొప్ప కూడా చెప్పుకునేవాణ్ని. మాకొక నల్ల కుక్క ఉంది, కరియ. మా దగ్గర కేబులు దొంగలు ఎక్కువ. రాత్రికి రాత్రి కోసుకుపోయి రాగి కరిగించి అమ్ముకుంటారు. చలికాలమంతా కరియ ఇంటి దగ్గర ఉండకుండా కంచె వెంబడి మూడో జాయింటు పక్కనే పడుకునేది. "చూడండప్పా, ఎవరూ చెప్పకుండానే కేబులుకు కాపలా కాస్తాండాది," అని వచ్చినవాళ్లందరికీ చూపించాను. ఎర్రన్నకైతే రెండుసార్లు చూపించాను.

అన్న మాట ప్రకారం మోటరు రెడీ అయిన రోజు పొద్దున ఎనిమిదికి ఇర్ఫానా స్కూటరు మీద వచ్చింది. భుజాన సంచి, అందులో రెండు మీటర్లు. ఖాజా రాలేదు. రాడని తెలిసినా స్కూటరు వెనక సీటు వైపు ఒకసారి చూశాను. ఆదిలక్ష్మి మజ్జిగ ఇచ్చింది. ఆ పిల్ల తాగి, గ్లాసు ఇచ్చి, నేరుగా స్టార్టరు గదికి నడిచింది.

"కరెంటు ఎంతొస్తాది చిన్నాయనా ఈడ?"

"స్టార్టరు మీద ముల్లు ఎప్పుడూ మూడు వందల ఎనబై కాడ నిలబడతాది. మంచి కరెంటే."

"అది ఈడ. ఆడ మోటరు కాడ ఎంతుంటాది?"

నాకు నవ్వొచ్చింది. "ఈడుండేదే ఆడుంటాది గదమ్మా. తీగలో పోయే కరెంటు మధ్యలో యాడికి పోతాది?"

"యాడికి పోతాదో అదే చూద్దామని వచ్చినా," అంది.

ముందు ఫ్యూజులు పీకి తన సంచిలో వేసుకుంది, ఎవరూ పొరపాటున పెట్టకుండా. తర్వాత పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒకటి కావాలంది. ఎర్రన్న ఇంటికి పోయి అతని ట్రాక్టరు బ్యాటరీ విప్పించుకుని భుజాన పెట్టుకుని వచ్చాను. నన్ను బోరు దగ్గరికి పోయి కేబులులోని మూడు తీగల్లో రెండింటి కొసలు కలిపి గట్టిగా బిగించి రమ్మంది. పోయి బిగించి వచ్చాను.

"ఇప్పుడు ఈ బ్యాటరీలోంచి కరెంటు ఒక తీగలో బోరు దాకా పోయి, రెండో తీగలో వెనక్కొస్తాది," అని ఇర్ఫానా స్టార్టరు గది దగ్గర ఆ రెండు తీగల కొసల్ని మీటరు మీదుగా బ్యాటరీకి తగిలించింది. "వోల్టులంటే బ్యాటరీ తోసే తోపుడు. ఆంపులంటే ఆ తోపుడికి తీగలో పారే కరెంటు. తోపుడు పన్నెండు. పారింది ఎంతో చదువు."

నేను అద్దాలు పెట్టుకుని చదివాను. "రెండు."

"పన్నెండును రెండుతో భాగించు."

"ఆరు."

"ఆరు ఓంలు. తీగ కరెంటును ఎంత అడ్డుకుంటాదో ఆ లెక్క. పోనూ రానూ ఆరంటే, ఒక్కో తీగకు మూడు. ఇంత దూరానికి సరైన లావు తీగ ఒకటే ముక్కగా వేసింటే ఒక్కో తీగకు ఒక ఓం వచ్చేది. పోనూ రానూ రెండు. అప్పుడు ఈడ ఎన్ని ఆంపులు కనపడల్ల?"

నేను వేళ్లు లెక్కపెట్టుకున్నాను. రెండు ఓంలకు పన్నెండు వోల్టులు. "ఆరు ఆంపులు."

"ఆరు రావాల్సిన కాడ రెండొస్తాండాది."

అప్పటికీ నాకు దిగలేదు. "అడ్డుకుంటే అడ్డుకోనీ, నీళ్లొస్తాండాయి గదమ్మా," అన్నాను.

ఆ పిల్ల విసుక్కోలేదు. ఆరేళ్ల పిల్లవాడికి చెప్పినట్టు కూడా చెప్పలేదు, అందుకు ఇప్పటికీ నాకు ఆమె మీద గౌరవం. కింద కూర్చుని పుల్లతో మట్టిలో రాసింది. "మోటరు ఆడేటప్పుడు ఒక్కో తీగలో పది ఆంపులు పారతాయి. పది ఆంపులు మూడు ఓంలను దాటుకుని పోవల్లంటే ముప్పై వోల్టులు దారిలోనే ఖర్చు. ఆ ముప్పైని పది ఆంపులతో గుణించు, అది వాట్లు, అంటే శక్తి. ఎంత?"

"మూడు నూర్లు."

"తీగలు మూడు."

"తొమ్మిది నూర్లు."

"మీ ఇంట్లో ఇస్త్రీపెట్టె ఉండాదా?"

"ఉండాది."

"అది ఇంచుమించు అంతే. నువ్వు మోటరు వేసినప్పుడల్లా నీ చేన్లో ఒక ఇస్త్రీపెట్టె ఉత్తపుణ్యానికి కాల్తాండాది. మోటరు కాడికి పోయేసరికి ఈ మూడు వందల ఎనబై, మూడు వందల ముప్పై అయిపోతాది." మూడు తీగల్లో ముప్పై చొప్పున పోతే చివరికి యాభై ఎందుకు తగ్గుతుందో కూడా చెప్పింది గాని, ఆ మూడు ఫేజుల లెక్క నాకు ఎక్కలేదు. "తోపుడు తగ్గిందని మోటరు పని ఆపదు చిన్నాయనా. అదే నీళ్లు ఎత్తల్ల గదా. అందుకని కరెంటు ఎక్కువ లాగుతాది. లాగి లాగి వేడెక్కి కాల్తాది."

"ఆ ఇస్త్రీపెట్టె యాడుండాది మరి?" అన్నాను.

"వెతుకుదాం పా."

వెతకడమంటే ఒక్కో ముక్కనూ విడిగా పరీక్ష చేయడం. ఒక్కో జాయింటు దగ్గరా ఆగి, విప్పి, బ్యాటరీ తగిలించి, వోల్టులను ఆంపులతో భాగించాలి. మీటర్లు ఆ పిల్ల మోసింది, బ్యాటరీ నేను మోశాను. ట్రాక్టరు బ్యాటరీ ఎంత బరువుంటుందో మోసినవాడికే తెలుస్తుంది. అది నాకు పడవలసిన శిక్షే అని అప్పటికే సగం అర్థమైంది గాని పైకి అనలేదు. మొదటి బోరు ముక్క ఫర్వాలేదు. రెండోదీ ఫర్వాలేదు. ఇద్దరమూ మూడో జాయింటు దగ్గరికి వచ్చాం. కరియ కూడా మా వెనకే వచ్చింది.

ఇర్ఫానా బ్యాటరీ తగిలించకముందే కింద చూసి ఆగిపోయింది. జాయింటు పక్కన మట్టిలో గుండ్రంగా గుంత, అందులో నల్లని వెంట్రుకలు. "ఈ గుంత ఏంది చిన్నాయనా?"

"మా కరియ పడుకొనేది. చలికాలమంతా ఈడనే. కేబులుకు కాపలా," అన్నాను. ఆ పరిస్థితిలో కూడా కొంచెం గర్వంగానే అన్నాను.

"మోటరు ఆడేటప్పుడా, ఆపినంక కూడానా?"

ఆలోచించాను. మోటరు వేసినాక కాసేపటికి పోయి పడుకునేది. ఆపిన ఒక గంటకు లేచి ఇంటికి వచ్చి వరండాలో పడుకునేది. అదే చెప్పాను.

"దొంగలు కరెంటు పోయినప్పుడు గదా కేబులు కోసేది?" అంది ఇర్ఫానా. "కరెంటు ఉండేటప్పుడు కాపలా కాసి, పోయినంక ఇంటికొచ్చేస్తే, అదేం కాపలా?"

నేను కరియ వైపు చూశాను. కరియ తోక ఊపింది.

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. యూరియా సంచి విప్పితే లోపల సైకిలు ట్యూబు వేడికి కరిగి తారులా అంటుకుపోయి ఉంది. నా పంటితో ఒలిచి మెలిపెట్టిన తీగలు నల్లగా మాడి ఉన్నాయి. అక్కడి నుంచి రెండు వందల యాభై అడుగులు నేను వేసింది ఇంటి వైరింగు తీగ, ఫ్యానుకూ లైటుకూ వేసేది. ఆ ఒక్క ముక్కకే బ్యాటరీ తగిలిస్తే అయిదు ఆంపులు పారింది. పన్నెండును అయిదుతో భాగిస్తే రెండున్నరకు కొంచెం తక్కువ. పన్నెండు వందల అడుగులకూ కలిపి రెండు ఓంలు రావాల్సిన చోట, ఈ కాస్త ముక్కే అంతకంటే ఎక్కువ తినేస్తోంది.

సన్న తీగ. ఏడెనిమిది మంది ముందు ఖాజా మొహాన కొట్టిన మాట అదే. ఆ సన్న తీగ నా చేతిలోనే ఉంది, నేను కొన్నదే, నేను మెలిపెట్టిందే. నాకు చాలా సిగ్గేసింది. యాభై తొమ్మిదేళ్ల మనిషిని, తలెత్తి ఆ పిల్ల మొహం చూడలేకపోయాను.

"మీ నాయన చెయ్యి తప్పు చేయదని నాకు తెలుసమ్మా," అన్నాను చివరికి. "తెలిసి కూడా అంటిని."

ఇర్ఫానా మీటరు సంచిలో పెట్టుకుంటూ, "మా నాయన చుట్టక రెండేండ్లాయ చిన్నాయనా," అంది. "చేతులు వణుకుతాండాయి. సూది కూడా పట్టలేడు. ఈ రెండేండ్లలో షాపులో చుట్టిందంతా నేనే. మీ మోటరు మూడుసార్లూ నేనే చుట్టినా."

"మరి ఆయన, నేనే చుట్టినానని..."

"ఆడపిల్ల చుట్టింది, అందుకే కాలిందంటారని. ఒకసారి ఆ మాట పుట్టిందంటే ఇంక నా కాడికి మోటరు ఎవురు తెస్తారు? అందుకని ఆ తిట్లు ఆయనే తిన్నాడు. నువ్వు యాడా అనొద్దు చిన్నాయనా."

"అననమ్మా," అన్నాను. కచ్చితంగా అన్నాను. ఆమె స్కూటరు రోడ్డెక్కేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ రోజు ఖాజా కూతురి వైపు చూసిన చూపు అప్పుడు అర్థమైంది. ఏమీ మాట్లాడొద్దని ఆమెకు చెప్పిన చూపు అది.

మరుసటి రోజు పొద్దున పది గంటలకే షాపుకు పోయాను. అదే బల్ల, దాదాపు అదే మనుషులు. ఎర్రన్న ఆ రోజు ఏ పనీ లేకపోయినా వచ్చి కూర్చున్నాడు. బ్యాటరీ ఎందుకు తీసుకున్నానో తెలుసుకోకపోతే అతనికి అన్నం సయించదు. ఖాజా తన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "మోటరు రెడీ ఉండాదప్పా, తీసుకుపో," అన్నాడు. కూర్చోమనలేదు.

బల్లమీదున్న సుద్దముక్క తీసుకుని షాపు ఇనుప తలుపు మీద పెద్దగా రాశాను: 12 ÷ 2 = 6.

"అందరూ ఇనండప్పా. మొన్న నేను ఈడ నిలబడి ఖాజా సన్న తీగ చుట్టినాడంటిని. సన్న తీగ ఉండాది, నిజమే. అది నా చేన్లో ఉండాది, నేను వేసిందే. దానికి లెక్క ఇది." రాసుకుంటూ పోయాను. ఆరులో సగం మూడు ఓంలు. పది ఆంపులు. ముప్పై వోల్టులు దండగ. ముప్పై పదులు మూడు వందల వాట్లు దండగ. అక్కడ ఆపి సుద్దముక్క కింద పెట్టాను. "మోటరును కాల్చింది నేను. తిట్లు తినింది ఖాజా. తప్పయిందప్పా ఖాజా."

ఖాజా తలుపు మీది లెక్కను పైనుంచి కింద దాకా చదివాడు.

"తీగలు మూడు గదప్పా," అన్నాడు. "మూడుతో గుణించు. తప్పు ఒప్పుకొనేటప్పుడు గూడా తగ్గించే రాస్తాండావే."

నేను మళ్లీ సుద్దముక్క తీసుకుని 900 అని రాశాను. ఖాజా అప్పుడు నవ్వాడు. నవ్వి, నాకు ఒక టీ చెప్పాడు. ఆ టీ గ్లాసు చేతికి వచ్చినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకు దాచాలి.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఖాజా అలవాటుగా ఎర్ర రంగు డబ్బా తీశాడు, కుంచె ముంచాడు, నా మోటరు దగ్గర కూర్చున్నాడు. అప్పుడు గమనించాను, కుంచె కొస ఆకులా వణుకుతోంది. వెనక ఇర్ఫానా తల వంచుకుని ఏదో తీగ సర్దుతోంది. ఇచ్చిన మాట నాకు గుర్తుంది. కాని నా నోరు ఎప్పటిలాగే ముందు బయలుదేరింది.

"ఆగు ఖాజా. ఎవురు చుట్టినారో వాళ్లు రాయల్ల."

కుంచె ఆగింది. ఇర్ఫానా తలెత్తి నన్ను చూసింది, ఆ చూపుకు వాట్లు కట్టలేను. ఎర్రన్న, "ఎవురు చుట్టినారు మరి?" అన్నాడు. మాట అనేశాను, వెనక్కి తీసుకునే దారి లేదు.

"ఇర్ఫానా చుట్టింది. మూడుసార్లూ. వేరేవాళ్లు చుట్టింటే ఆ మూడు వందల ముప్పై వోల్టులకు వారానికే కాలిపోయేది. ఆ పిల్ల చుట్టినందుకు నెల నెలా ఓర్చుకొనింది."

బల్ల మీద గుసగుసలు మొదలయ్యాయి. ఒకాయన తన మోటరు వైపు అనుమానంగా చూసుకున్నాడు. ఇర్ఫానా చేతిలోది కింద పెట్టి ముందుకు వచ్చింది. కోపంగానే వచ్చింది. ఏమీ వివరించలేదు. బ్యాటరీ, మీటరు తెచ్చి నా మోటరు పక్కన పెట్టి, "ఎర్రన్నా, నువ్వు చదువు," అంది. మోటరు నుంచి బయటికొచ్చిన మూడు తీగల్లో రెండేసి చొప్పున బ్యాటరీకి తగిలించింది.

ఎర్రన్న మీటరు మీదికి వంగాడు. "నాలుగు," అన్నాడు. మళ్లీ తగిలించింది. "నాలుగు." మూడోసారీ "నాలుగే".

"పన్నెండును నాలుగుతో భాగిస్తే మూడు ఓంలు. మూడు పక్కలా ఒకటే లెక్క. ఈ మోటరుకు ఉండాల్సింది అంతే. సన్న తీగ చుట్టింటే ఆంపులు తగ్గేవి, ఒక చుట్టు తప్పింటే మూడూ మూడు రకాలుగా వచ్చేవి," అంది. "ఇంక ఎవురికన్నా అనుమానముంటే వాళ్ల మోటరు తెచ్చి ఈడ పెట్టండి, చదివి చూపిస్తా."

ఎర్రన్న మీటరు వదల్లేదు. ఏదో లెక్క వేసుకుంటున్నాడు. "అట్లయితే పోయినేడు దసరా ముందు నా మోటరు చుట్టింది?"

"నేనే అన్నా."

"ఇంతవరకూ దాని మొహం గూడా చూళ్లేదే నేను!" అన్నాడు ఎర్రన్న. ఆ గొంతు బజారు దాకా వినిపించింది. అతను అన్నాడంటే సాయంత్రానికి ఊరంతా అన్నట్టే. ఆ తర్వాత ఒక్కొక్కరూ తమ మోటరు ఎప్పుడు చుట్టించారో నెలలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. అనుమానంగా చూసుకున్నాయన తన మోటరును కాలితో ముందుకు జరిపి, "నాది ఎప్పుడు చుడతావమ్మా?" అన్నాడు. ఖాజా కుంచెను కూతురికి ఇచ్చాడు. ఆమె ఎర్ర రంగుతో ‘ఇర్ఫానా’ అని పూర్తిగా రాసింది, కింద తేదీ, దాని కింద ‘3 ఓంలు’.

"యాడా అనొద్దంటి గదా చిన్నాయనా," అంది నాకు మాత్రమే వినపడేలా.

"నా నోటి సంగతి మీ చిన్నమ్మనడుగు," అన్నాను.

ఆ వారమే ఇంటి తీగ ముక్కను పీకేసి దాని స్థానంలో లావు కేబులు వేశాం. జాయింట్లన్నీ ఇర్ఫానా రాగి గొట్టాలు తొడిగి నొక్కి వేసింది, పళ్లు వాడలేదు. బ్యాటరీ తగిలిస్తే ఆరు ఆంపులకు దగ్గరగా వచ్చింది, నేనే చదివి నేనే భాగించాను. మోటరు దించేటప్పుడు ఖాజా కూడా వచ్చాడు. పైపు వెంట పైపు తగిలిస్తుంటే ఎర్ర అక్షరాలు మెల్లగా బోరు గొట్టంలోకి దిగిపోయాయి.

"అంత పెద్దగా రాసింది గాని, ఆరునూర్ల అడుగుల కింద ఎవురు చదువుతారప్పా?" అన్నాడు ఖాజా.

"ఎవురూ చదవకుంటేనే మంచిది. చదవల్లంటే కాలి పైకి రావల్ల గదా," అన్నాను.

మోటరు వేశాం. కాసేపు గాలి తన్నింది, తర్వాత ఎర్రమట్టి నీళ్లు, తర్వాత తేటనీళ్లు. ఆదిలక్ష్మి మొదటి చెంబు నీళ్లు పట్టి ఖాజాకు ఇచ్చింది. కాయ కొంత రాలింది గాని చాలావరకు నిలిచింది.

ఇప్పుడు మళ్లీ చలికాలం వచ్చింది. పొద్దున మోటరు వేయగానే కరియ కంచె వెంబడి మూడో జాయింటు దగ్గరికి పోతుంది. గుంతలో రెండు చుట్లు తిరిగి పడుకుంటుంది. కాసేపటికి లేచి, జాయింటును వాసన చూసి, నన్నొకసారి చూసి, వరండాకు వచ్చేస్తుంది. దానికి గోనెసంచి పరిచాను. మోటరు ఆడుతూనే ఉంది. ఇర్ఫానా పేరును ఇంతవరకూ ఎవరూ చదవలేదు.